ఉప్పు వ్యాపారం

మొన్న చలికాలం సెలవుల్లో మా ఆపా కొడుకు వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. ఇషా నమాజ్ అయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాడంటే అర్ధరాత్రి దాకా లేచేవాడు కాదు. ఆట పేరు ‘ది లాంగ్ డార్క్’. కెనడాలో హింటర్‌ల్యాండ్ అనే స్టూడియో తయారు చేసింది. 2014లో అసంపూర్తిగానే జనానికి అందుబాటులోకి తెచ్చి, 2017లో పూర్తి రూపంలో విడుదల చేశారు. కరెంటు, మనుషులు మాయమైన మంచు అడవి. అందులో ఒక్కడే మనిషి చలిని, ఆకలిని, తోడేళ్లను తట్టుకుని బతకాలి. అంతే ఆట.

ఒక రాత్రి వాడు జింకను కొట్టి, తోలు ఒలిచి, ఒక పాడుబడ్డ గుడిసెలో నేల మీద పరిచి వదిలేశాడు. “ఇప్పుడేం చేస్తావు?” అని అడిగాను.

“ఏమీ లేదు మామూ. కొన్ని రోజులు అలా పడుంటే అదే తయారైపోతుంది. తర్వాత సూదీ దారంతో బూట్లు కుట్టుకోవడమే. ఎలుగుబంటి తోలుకైతే పది రోజుల పైనే పడుతుంది.”

“ఉప్పు వెయ్యవా?”

“తోలుకు ఉప్పెందుకు?”

పక్క మంచం మీద తస్బీహ్ చదువుకుంటున్న అమ్మీ వేళ్లు ఆగిపోయాయి. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు: ఇక ఆ మాట ఎత్తకు.

మా నానా, అంటే అమ్మీ వాళ్ల నాన్న, చిత్తూరు వైపు నుంచి వెళ్లి పేర్నంబట్టు, వాణియంబాడి మండీల్లో పచ్చి తోళ్లకు ఉప్పు పట్టించి మడతపెట్టే పని చేశాడు. ముప్పై ఏళ్ల పైనే. మా ఆపాకు రిష్తా వచ్చినప్పుడు, ఖాందాన్ గురించి అడిగితే అమ్మీ చెప్పిన జవాబు: “మా అబ్బాది ఉప్పు వ్యాపారం.” అబద్ధమనడానికి లేదు. ఆపా అత్తగారింట్లో ఈ రోజుకీ అదే మాట నడుస్తోంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోలు పని తవారీఖ్ గురించి నాకు తెలిసినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. తోలును ఎండబెట్టడం వేరు, పదును పెట్టడం వేరు. ఎండిన తోలు అట్టలా బిగుసుకుపోతుంది. మళ్లీ తడిస్తే పచ్చి తోలే, కుళ్లుతుంది. చెట్టు బెరడులోని వగరు గానీ, కొవ్వు గానీ, పొగ గానీ లోపలి నారల్లోకి దిగి పట్టుకుంటేనే అది కుళ్లని చర్మమవుతుంది. ఈ పనినే అరబీలో, ఉర్దూలో దబాగత్ అంటారు. చేసేవాడు దబ్బాగ్. ఆటలో జరిగేది ఉత్త ఎండబెట్టడమే. తమాషా ఏమిటంటే మన హనఫీ ఫిఖహ్ కితాబుల్లో దానికీ జాగా ఉంది. బెరడు, కాయలతో చేస్తే దబాగతె హకీకీ. ఎండలో, గాలిలో, మట్టిలో ఆరబెడితే దబాగతె హుక్మీ. అలా ఆరిన తోలు మళ్లీ తడిస్తే నాపాక్ అవుతుందా అవదా అని కూడా ఫుకహా బహస్ చేశారు. మా భాంజా గుడిసెలో పరిచిన జింక తోలు మసలా వెయ్యేళ్ల క్రితమే చర్చకు వచ్చిందన్నమాట!

ఫిన్లాండ్ వాళ్లు 1992 నుంచి నడుపుతున్న ‘అన్‌రియల్ వరల్డ్’ అనే ఇంకో ఆట ఈ విషయంలో ఎక్కువ ఓపిక చూపిస్తుంది. అందులో తోలును గీకి శుభ్రం చేయాలి, పదును పెట్టాలి, కడగాలి. భాంజాకు చెబితే “బోర్ మామూ” అన్నాడు.

బోరే మరి. కెనడా అడవుల్లో అసలు మనుషులు ఆ పని ఎలా చేశారో చూడండి. దేనె వంటి ఆదిమ జాతుల ఆడవాళ్లు దుప్పి కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన మూస్ తోలును చట్రానికి కట్టి గీకేవాళ్లు. జంతువు మెదడునే నీళ్లలో కలిపి తోలుకు పట్టించేవాళ్లు. పిండి, సాగదీసి, మళ్లీ పట్టించి, చివర కుళ్లిన చెక్కల పొగ పెట్టేవాళ్లు. పొగ పట్టిన తోలు తడిసినా మళ్లీ మెత్తగానే ఆరుతుంది. ఇది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అమ్మ, కూతురు, పిన్ని, నానమ్మ కలిసి రోజుల తరబడి చేసేది. 1670లో ఇంగ్లండు రాజు ఫర్మానాతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ బీవర్ తోలునే దాదాపు రూపాయిలా వాడింది. దుప్పటి, కెటిల్, తుపాకీ, దేని ధరైనా ఇన్ని తోళ్లు అని లెక్క కట్టేది. తర్వాత కాలంలో పిల్లలను ఇళ్ల నుంచి లాక్కెళ్లి బోర్డింగ్ బడుల్లో వేశారు. తల్లి దగ్గర నేర్చుకునే పిల్ల లేకపోతే తోలు పని ఎక్కడ మిగులుతుంది? ఇప్పుడు అక్కడి యువతరం శిబిరాలు పెట్టుకుని, మిగిలిన పెద్దవాళ్ల దగ్గర ఆ హునర్ మళ్లీ నేర్చుకుంటోంది. ఆటలో ఆ అడవి ఖాళీగా ఉంటుంది. నిజానికి అది ఎన్నడూ ఖాళీ అడవి కాదు.

ఆటలో ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చింది. పచ్చి తోలు మోసుకుని తిరిగితే ఆ బద్‌బూకి తోడేళ్లు వెంటపడతాయి. తోలు వాసనకు వెంటపడేది తోడేళ్లయితే బాగానే ఉండేది. మన ఊళ్లలో వెంటపడింది మనుషులు. మొరాకోలోని ఫెజ్ నగరంలో చువారా అనే పాత టానరీ ఉంది. రంగుల తొట్లు, సున్నం, పావురాల రెట్ట, వందల ఏళ్లుగా అదే పద్ధతి. చూడటానికి వచ్చేవాళ్ల చేతిలో పుదీనా రెమ్మ పెడతారు, ముక్కు దగ్గర పట్టుకోవడానికి. కానీ అదే ఫెజ్‌లో జనం తలొంచి పేరు తలుచుకునే సూఫీ బుజుర్గ్ సయ్యద్ అబ్దుల్ అజీజ్ దబ్బాగ్. ఆయన ఖాందాన్ పేరే దబ్బాగ్. దాచుకోలేదు. హిజ్రీ 261లో ఇంతకాల్ అయిన హనఫీ ఫకీహ్ అబూబక్ర్ ఖస్సాఫ్, వక్ఫ్ చట్టం మీద కితాబు రాసిన ఆలిమ్. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆ పనితోనే పొట్టపోసుకున్నాడని తజ్‌కిరాల్లో రాశారు.

ఇంకా వెనక్కి వెళ్తే, ఉమ్ముల్ మోమినీన్ జైనబ్ బింతె జహ్ష్ (రజి) తన చేతులతో తోళ్లు పదును పెట్టి, కుట్టి, వచ్చిన డబ్బు సద్కా చేసేవారు. మూతా జంగ్‌లో జాఫర్ (రజి) షహీద్ అయిన వార్త చెప్పడానికి రసూలుల్లాహ్ (స) ఆయన ఇంటికి వెళ్లిన రోజు, భార్య అస్మా బింతె ఉమైస్ (రజి) తోళ్లు పదును పెట్టి, పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి నూనె రాసి ఉన్నారని సీరత్ కితాబులు చెబుతాయి. అంత పెద్ద ఇంట్లో అది రోజువారీ పని. చచ్చిన గొర్రెను పారేస్తుంటే, దాని తోలు ఎందుకు వాడుకోలేదని హుజూర్ (స) అడిగారనీ, హరామ్ అయింది తినడమేనని చెప్పారనీ హదీసు ఉంది. నీళ్లు, ఖరజ్‌తో తోలు పాక్ అవుతుందని ఇంకో రివాయత్. ఖరజ్ అంటే ఏదో దూరదేశపు చెట్టు కాదు, మన పొలాల గట్ల మీద ఉండే నల్లతుమ్మ. కాన్పూర్ వైపు టానరీల్లో దాని బెరడే వాడారు.

మన దక్షిణాదిలో తుమ్మ కన్నా తంగేడు. తంగేడు బెరడే మద్రాసు తోళ్లకు పేరు తెచ్చింది. ముందు సున్నపు గుంటలో వేసి వెంట్రుకలు ఊడదీస్తారు, కత్తితో లోపలి కండ గీకుతారు, బాగా కడుగుతారు. తర్వాత తంగేడు చెక్క నానబెట్టిన లందలో వారాల తరబడి ఊరవేస్తారు. చివర కరక్కాయ నీళ్లు, నూనె. లేత గోధుమ రంగులో వచ్చే ఆ సరుకు ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ పేరుతో లండన్ వేలాలకు వెళ్లేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయీల బూట్ల కోసం సర్కారే వాటిని కొనేసుకుంది. 1884లో అమెరికాలో షుల్ట్జ్ అనే ఆయన క్రోమ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక వారాల పని గంటల్లోకి వచ్చింది. ఆ క్రోమ్, ఉప్పు కలిసి పాలారు నదిని ఏం చేశాయో వెల్లూరు జిల్లా రైతుల్ని అడగాలి. 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఆ గోడు. ఇదీ మన తవారీఖే, వదిలేయలేను.

మరొకటీ వదిలేయకూడదు. ఆ టానరీల మాలికుల్లో చాలామంది మనవాళ్లు. పేరు ముందు హాజీ, మదర్సాలకు చందాలు, ఊళ్లో ఇజ్జత్. మోకాళ్ల దాకా సున్నపు గుంటలో దిగింది మాత్రం ఎక్కువగా దళితులు, వాళ్లతో పాటు మా నానా లాంటి గరీబు ముసల్మాన్లు. అదే తోలు ఒకరిని సేఠ్‌ను చేసింది, ఇంకొకరి మనవరాలి రిష్తాకు అడ్డమైంది. తోలు పాక్ అవుతుందని మసలా చదువుకున్న మనం, దాన్ని పాక్ చేసిన చేతుల దగ్గర ఆ మసలా మర్చిపోయాం. తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకుంది, బతుకమ్మలో పెడతారు. దాని బెరడు వాసన అంటిన వాళ్ల బిడ్డలు తాతల పేషా చెప్పడానికి గొంతు తగ్గిస్తారు. నేనూ తగ్గించినవాడినే. కాలేజీ రోజుల్లో నేనూ ఉప్పు వ్యాపారమనే చెప్పాను.

మర్నాడు నాష్తా దగ్గర భాంజాకు ఇదంతా చెప్పాను. అమ్మీ దోసె తిప్పుతూ వింటోంది, ఆపలేదు. వాడు కాసేపు ఆలోచించి, నన్ను కాదు, ఆమెను అడిగాడు: “నానీ, ఒక్క తోలుకు ఎంత ఉప్పు పట్టేది?”

అమ్మీ పెనం దించింది. “గేదె తోలా, మేక తోలా?” అంది. తర్వాత రెండు చేతులు చాపి చూపించింది. కండ వైపు పైకి వచ్చేలా పరిచి, వెన్ను నుంచి అంచులకు ఎలా చల్లుకుంటూ రావాలో, అంచులు ముడుచుకుపోతే ఎందుకు కుళ్లుతాయో, అబ్బా వేళ్ల సందుల్లో ఉప్పు కోసి పుండ్లు పడితే రాత్రి కొబ్బరినూనె ఎవరు రాసేవారో.

“ఎవరు రాసేవారు?” అన్నాడు వాడు.

“నేనే బేటా. నాకప్పుడు ఏడేళ్లు.”