మట్టి బురుజు

ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లకి గార్డెన్ రీచ్ అంటే కలకత్తాలో ఒక పేట కాదు, ఆర్డర్లు వచ్చే చోటు. సౌత్ ఈస్టర్న్ రైల్వే హెడ్ ఆఫీసు అక్కడే. ముప్పై ఏళ్లకు పైగా వర్క్‌షాపులో చేసిన నాన్న ఆ చోటు ఒక్కసారీ చూడలేదు. రిటైరయ్యే నెలలో, నిమ్‌పురా క్వార్టరులో సామాన్లు మూటలు కడుతుండగా, ఒక ఆదివారం పిల్లాపాపలతో బయల్దేరాం. లోకల్లో సాంత్రాగాఛీ, అక్కణ్నుంచి ఆటోలో నాజిర్‌గంజ్ రేవు, లాంచీలో హుగ్లీ అవతలికి.

అవతలి ఒడ్డు మెటియాబ్రుజ్.

"అంటే ఏటి?" అంది అమ్మ. మట్టి బురుజు అన్నాను. "మన మాటలాగే ఉందే!" అని నది వైపు తిరిగి నవ్వింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషికి ఇంత దూరంలో ఒక బురుజు దొరికింది.

అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856 మేలో స్టీమరు దిగింది ఈ ఒడ్డునే. లక్నోకి తిరిగి వెళ్లిపోయే మనిషిగానే దిగాడు. అంతకు మూడు నెలల ముందు, ఫిబ్రవరిలో, ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు ఔట్రమ్ ఒక ఒడంబడిక కాగితం పట్టుకుని ఆయన దర్బారుకొచ్చాడు. సంతకం పెడితే పెన్షను, పేరుకి రాజరికం. పెట్టకపోతే రాజ్యం మొత్తం కంపెనీది. నవాబు సంతకం పెట్టలేదు, కత్తీ దూయలేదు. తలపాగా తీసి ఔట్రమ్ చేతుల్లో పెట్టాడు. సమానులకి సమానులకి మధ్య ఒడంబడికలుంటాయిగాని, తనబోటివాడు సంతకం పెట్టేదేముందన్నాడు. కంపెనీ చరిత్రకారులు దీన్ని చేతకానితనంగా రాశారు. ఆయన తుమ్రీలు కట్టాడు, కథక్ ఆడాడు, రాధాకృష్ణుల నాటకం ఆడించాడు. అలాంటివాడు రాజెలా అవుతాడని వాళ్ల ప్రశ్న. నాకు మాత్రం, ఆ దర్బారులో సిగ్గుపడాల్సినవాడు తలపాగా అందుకున్నవాడే అనిపిస్తుంది.

ఫిబ్రవరి 7న అవధ్‌ని కలిపేసుకున్నట్టు ప్రకటన వెలువడింది.

స్పెయిన్‌లో 1492 జనవరి 2న గ్రనడా సుల్తాను బోఅబ్దిల్ రాజ్యం పోగొట్టుకుని అల్‌హంబ్రా కోటని వదిలిపోతూ కొండ మీద ఆగి, వెనక్కి చూసి ఏడిస్తే, తల్లి దెప్పిందని అక్కడ కథ చెప్పుకుంటారు. వాజిద్ అలీ తల్లి మలికా కిశ్వర్ దెప్పలేదు. కొడుక్కి ఒంట్లో బాగాలేదని, పరదా దాటని ఆ పెద్దావిడ తానే లండన్‌కి ఓడెక్కింది. విక్టోరియా రాణి కూడా ఒక తల్లే కదా, చెబితే వింటుందనుకుంది. లండన్లో ఉండగానే ఇక్కడ 1857 తిరుగుబాటు లేచింది. ఇక వినేవాళ్లెవరు? ఇంటి దారి పట్టి 1858 జనవరిలో పారిస్‌లో పోయింది. పేర్ లాషేజ్ శ్మశానంలో మట్టి అయింది. వాజిద్ అలీ విడిచిపెట్టిన బేగం హజరత్ మహల్ లక్నోలో యుద్ధం నడిపి, ఓడి, 1879లో కాఠ్‌మాండూలో కన్నుమూసింది. నవాబు ఆ రోజుల్లో ఫోర్ట్ విలియమ్‌లో ఖైదీ. రెండేళ్లు పైనే ఉంచి 1859లో వదిలారు.

ఆ తర్వాత ఈ ఒడ్డున ఆయన ఇంకో లక్నో కట్టుకున్నాడు. మేడలు, ముషాయిరాలు, పావురాలు, పులులున్న జంతుశాల, పాములకో గుట్ట. ఏడాదికి పన్నెండు లక్షల పెన్షను, దాని మీద అప్పులు. 1887 సెప్టెంబరులో చనిపోయాడు. చాలా మేడలు వేలానికొచ్చాయి, కూలాయి, ఒడ్డంతా రేవులు లేచాయి. మా రైల్వే మొదటి రూపం, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, పుట్టింది సరిగ్గా ఆ ఏడాదే.

మిగిలినవాటిలో ఒకటి 1864లో కట్టిన సిబ్తైనాబాద్ ఇమాంబాడా. షాండ్లియర్ల కింద, పక్కగా, ఆయన సమాధి. చుట్టూ కుట్టుమిషన్ల వీధులు. నాన్న మనవడికి పులులేవని బెంగ. అమ్ముడైపోయాయంటే నమ్మలేదు.

"మరి లక్నోలో ఎవరున్నారు?" అడిగాడు నాన్న.

వీళ్లలో ఎవరూ లేరు.

నవాబు మొదట దిగిన ఇల్లుగా చెప్పే మేడ ఇప్పుడు రైల్వే జనరల్ మేనేజరు బంగళా. గేటు దగ్గర నిలబడి నాన్న హిందీలో, రాజావారి ఇల్లు చూద్దామని వచ్చామన్నాడు. కాపలావాడు ఎగాదిగా చూశాడు. రాజా ఎవరూ లేరు, జీఎం సాబే ఉంటారు, ఆయన కూడా బదిలీ అయ్యేదాకానే అన్నాడు.

"అంటే ఇదీ క్వార్టరేనా!" అన్నాడు నాన్న. ఆ రోజంతటిలో ఆయన నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నం బిర్యానీ తిన్నాం. కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప నవాబు పేదరికం వల్ల వచ్చిందంటారు. లక్ష రూపాయల నెలజీతగాడికి మాంసానికి కరువేమిటి? దుంప కొత్త వింత గనక వేయించి ఉంటాడు. అమ్మ తన పళ్లెంలో దుంప తీసి నాన్న పళ్లెంలో వేసింది. ఆయన వద్దనకుండా తిన్నాడు.