తాతయ్య పద్యాలు, 128 కిలోబిట్లు

ఇంట్లో పాటలు ఏ ఫార్మాట్‌లో దాచుకోవాలి అనగానే మనవాళ్ళు బిట్‌రేట్ల గొడవలోకి దిగిపోతారు. నేను మాత్రం ముందు మా గుడివాడ, బందరు వైపు కథ చెప్తా.

కూచిపూడి పక్కనే మొవ్వ. 17వ శతాబ్దపు క్షేత్రయ్యది ఆ ఊరే అంటారు. ఆయన పదాలు తాళపత్రాల్లో, పాడేవాళ్ళ గొంతుల్లో బతికాయి. మాటలు మిగిలాయి గానీ ఆయన ఎలా పాడారో మనం వినలేం. అప్పటికి వేరే దారి లేదు మరి.

తర్వాత గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల. 78 ఆర్‌పీఎం రికార్డుకి ఒక పక్క మూడు నిమిషాలు, పాట అందులో సరిపోవాలి. 1948లో అమెరికాలో వచ్చిన ఎల్పీకి పక్కకి ఇరవై నిమిషాల పైనే పట్టేది. ఆయన భగవద్గీత లాంటివి అలాంటి రికార్డు మీదే కుదిరాయి. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ తెచ్చింది. ఇంట్లోనే కాపీ చేసుకోవచ్చు, కాకపోతే కాపీకి కాపీ తీసేకొద్దీ 'హిస్స్' పెరిగేది.

ఎంపీత్రీ 1990లలో వచ్చింది. సీడీ పాట నిమిషానికి దాదాపు 10 ఎంబీ; 128 కిలోబిట్ల ఎంపీత్రీ 1 ఎంబీ. మన చెవి పట్టించుకోదని లెక్కేసిన శబ్దాల్ని తీసేస్తుంది. డిస్కులు ఖరీదైన రోజుల్లో అది తెలివైన పనే.

నా తప్పు ఇక్కడే. ఇంజనీరింగ్‌లో ఉండగా నాన్నగారి క్యాసెట్లన్నీ 128లో ఎక్కించా. అందులో తాతయ్య పాడిన పాండవోద్యోగం పద్యాలు కూడా ఉన్నాయి. తర్వాత ఫోన్ కోసం వాటినే మళ్ళీ ఏఏసీలోకి మార్చి, క్యాసెట్లు పాత సామాన్లవాడికి ఇచ్చేశా. టేపు హిస్స్‌ని కుదించడం ఎంపీత్రీకి చాలా కష్టం. రెండుసార్లు కుదించాక తాతయ్య రాగం నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టుంది. దాన్నిప్పుడు ఫ్లాక్‌లోకి మార్చినా పోయింది తిరిగి రాదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి: అసలు కాపీ ఫ్లాక్‌లో. 2001 నుంచీ ఉంది, ఉచితం, ఒక్క బిట్ కూడా పోదు, సైజు దాదాపు సగం. 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9639గా ప్రమాణం కూడా అయింది. కారుకీ ఫోనుకీ దాన్నుంచే ఎంపీత్రీ తీసుకుంటా. వాటి పేటెంట్ల గొడవ 2017తో తీరిపోయింది. ఒక కాపీ మాత్రం వేరే ఊళ్ళో. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది మనుషులే పోయారు, ఇక ఇంట్లో దాచుకున్నవాటి లెక్క ఎవరడుగుతారు? సముద్రం పక్క ఊళ్ళవాళ్ళం, అన్నీ ఒకే ఇంట్లో పెట్టకూడదు.

ఘంటసాల పాట పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు. తాతయ్య పద్యాలు ఏ కంపెనీ అమ్ముతుంది చెప్పండి? మీ అటక మీద క్యాసెట్ల పెట్టె ఏదన్నా ఉంటే, ఈ పండక్కి వెళ్ళినప్పుడు దింపి ఫ్లాక్‌లోకి ఎక్కించండి. ఎక్కించాక కూడా క్యాసెట్లు పారేయకండి.