విన్న మాట మొలకెత్తాలంటే: మిజో కొండలు చెప్పే పాఠం



పోడు కొట్టి విత్తనం చల్లిన మన తాతలకు ఒక సంగతి బాగా తెలుసు. విత్తనం ఒక్కటే. బండమీద పడింది ఎండిపోతుంది, తుప్పల్లో పడింది ఎదగలేదు, మంచి నేలలో పడిందే కంకి వేస్తుంది. అందుకే యేసు చెప్పిన విత్తువాని ఉపమానాన్ని మన గూడేల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే ఆ నేల మన హృదయమే అన్నప్పుడు మనం ఆగి ఆలోచించాలి. నేల సిద్ధపడటం అంటే ఏమిటి? ఆదివారం ఆరాధనలో కూర్చుని వింటే చాలా?

మన సంఘంలో క్రైస్తవులూ ఉన్నారు, పెద్దల ఆచారాన్ని పాటించేవారూ ఉన్నారు. ఈ వ్యాసంలో వాక్యం గురించి చెప్పేది క్రైస్తవ యువతకు, భాష గురించి చెప్పేది మనందరికీ. మనలాగే కొండల్లో పోడు చేసుకుని బతికిన మిజో ప్రజల చరిత్రను ఇందుకు ఉదాహరణగా తీసుకుందాం.

ఈనాటి మిజోరాంను అప్పట్లో లుషాయి కొండలు అనేవారు. 1894 జనవరి 11న జె.హెచ్. లోరెయిన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్ అనే ఇద్దరు ఆంగ్లేయ మిషనరీలు అక్కడికి చేరుకున్నారు. మిజో భాషకు అప్పటికి వాడుకలో లిపి లేదు. దేవుడు తమకూ తోలుమీద రాసిన అక్షరాలు ఇచ్చాడని, ఆ తోలును కుక్క తినేసిందని మిజో పెద్దలు కథ చెప్పుకునేవారు. అక్షరం లేని లోటు ఆ జాతి మనసులో ఎంతగా ఉండేదో ఈ చిన్న కథ చాలు చెప్పడానికి.

ఆ ఇద్దరూ ముందు ప్రసంగాలకు దిగలేదు, భాష నేర్చుకున్నారు. రోమన్ అక్షరాలతో మిజో భాషకు రాత ఏర్పరిచారు. సువాకా, థాంగ్‌ఫుంగా అనే ఇద్దరు మిజోలు వారి దగ్గర మొదట చదువు నేర్చుకున్నారు. 1895లో మొదటి వాచకం అచ్చయింది. లూకా సువార్త, యోహాను సువార్త, అపొస్తలుల కార్యములు మిజో భాషలోకి వచ్చి అచ్చయ్యాయి. దేవుణ్ణి పిలవడానికి బయటినుంచి కొత్త పేరు తేలేదు. మిజోలు తరతరాలుగా పలికిన 'పథియన్' అన్న మాటనే బైబిలులో వాడారు.

నాలుగేళ్లు కష్టపడినా ఆ ఇద్దరి కాలంలో ఒక్కరికీ బాప్తిస్మం జరగలేదు. కారణం ఆలోచించదగ్గది. వారు మొదట పాపం గురించి, క్షమాపణ గురించి చెప్పారు. అది వినేవారికి తమ సంగతిగా తోచలేదు. మిజోల రోజువారీ భయం అడవిలోని దుష్టాత్మల గురించి. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వాటిని శాంతింపజేయడానికి కోడినో పందినో బలి ఇవ్వాల్సి వచ్చేది. యేసు ఆ శక్తులన్నిటికంటే బలవంతుడని చెప్పడం మొదలుపెట్టాక జనం చెవి ఒగ్గారు. వాక్యం వారి భయం దగ్గరకు వచ్చింది కాబట్టే వారి మనసు వాక్యం వైపు తిరిగింది. 1897లో వెల్ష్ మిషనరీ డి.ఇ. జోన్స్ వచ్చారు. 1899 జూన్ 25న ఖూమా, ఖారా అనే ఇద్దరు మొదటి బాప్తిస్మం పొందారు.

1906లో కొందరు మిజో విశ్వాసులు కొండదారులు పట్టి నడిచి, ఖాసీ కొండల్లోని మైరాంగ్‌లో జరిగిన సభకు వెళ్లారు. అక్కడ చూసిన ఉజ్జీవాన్ని తమ కొండలకు తెచ్చారు. ఇలా సువార్తను గ్రామాలకు మోసుకెళ్లినవారిలో ఎక్కువమంది మిజోలే. అందరూ వారిని ఆదరించలేదు. కొందరు గ్రామాధిపతులు కొత్త విశ్వాసులను ఇబ్బంది పెట్టారు. అయినా వారు వెనకడుగు వేయలేదు.

ఇక డోలు సంగతి. మిజోల డోలును 'ఖువాంగ్' అంటారు. పాత పండుగల్లో, సారా విందుల్లో దాన్ని మోగించేవారు కాబట్టి తొలినాళ్లలో దాన్ని చర్చిలోకి రానివ్వలేదు. పాటలు కూడా పాశ్చాత్య బాణీలోనే పాడేవారు. 1919లో వచ్చిన ఉజ్జీవం తర్వాత పరిస్థితి మారింది. విశ్వాసులు ఇళ్లలో గుండ్రంగా చేరి తమ సొంత బాణీలో, డోలు దెబ్బకు అడుగులు వేస్తూ పాడటం మొదలుపెట్టారు. ఈ పాటలకు 'లెంగ్‌ఖోమ్' పాటలని పేరు. క్రమంగా ఆ డోలే చర్చిలో స్థానం సంపాదించుకుంది. సారాను వదిలారు, డోలును తెచ్చుకున్నారు. ఏది విడవాలో ఏది నిలుపుకోవాలో జల్లెడ పట్టుకున్నది వారే.

అన్నీ నిలబడలేదు. యువకులు కలిసి పడుకుని కట్టుబాట్లు నేర్చుకునే 'జోల్‌బుక్' అనే ఊరుమ్మడి ఇల్లు మెల్లగా కనుమరుగైంది. ఆ లోటు తెలిసే 1935 జూన్ 15న యువజన సంఘం పెట్టుకున్నారు. తోటివాడి కోసం తన సుఖం మానుకునే 'త్లోమ్‌న్గైహ్నా' అనే పాత విలువను ఆ సంఘం నేటికీ మోస్తోంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే సమాధి తవ్వడానికి ముందు కదిలేది ఆ యువకులే. 1959లో పూర్తి బైబిలు మిజో భాషలో వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరాంలో అక్షరాస్యత 91 శాతం దాటింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన ప్రాంతంలోనూ ఈ దారి తొక్కినవారు ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు సవరల మధ్యకు వెళ్లి వారి భాష నేర్చుకున్నారు, వారికోసం వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. అది మత ప్రచారం కాదు. కానీ మనిషికి మాట అందాలంటే అతని భాషలోనే అందాలన్న సత్యం రెండుచోట్లా ఒక్కటే.

మనలో చాలామందికి తెలుగు బైబిలు గడగడా చదవడం వచ్చు. అదే వచనాన్ని మన అవ్వకు మన భాషలో చెప్పమంటే తడబడతాం. వాక్యం పుస్తకం నుంచి నోటికి వచ్చింది గాని, నోటినుంచి ఇంట్లోకి రాలేదన్నమాట. బెరయ పట్టణంవారు పౌలు చెప్పిన మాటను ఆసక్తిగా విన్నారు, విని ఊరుకోక ప్రతిరోజూ లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు. వినడం, అడగడం, సరిచూసుకోవడం, బతుకులో పెట్టడం: నేల సిద్ధపడటం అంటే ఇదే. ప్రశ్న అడిగినవాడికి విశ్వాసం తక్కువని అనుకోకండి.

అలాగే వాక్యాన్ని అంగీకరించడమంటే మన డోలును, మన మాటను, మన బంధుత్వాలను అవమానించడం కాదు. కొలుపు చేసే మావయ్య మనకు మావయ్యే. అతని గడపలో కష్టం వస్తే ముందు వెళ్లాల్సింది మనమే. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాట మనలో నాటుకుందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. విత్తువాని ఉపమానాన్ని మన భాషలో అవ్వకో తాతకో చెబుదాం. మాట తెలియని చోట వారినే అడుగుదాం. వారు చెప్పిన మాటను నోటుపుస్తకంలో రాసుకుందాం. మన భాషకు ఒక మాట మిగులుతుంది, మనకు వాక్యం మరికాస్త లోతుగా దిగుతుంది.