తెగిన నంబరు

అది ఒక చిన్న ప్రచురణ సంస్థ. రచయితలతో ఏళ్ల తరబడి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. ప్రూఫుల మీద పేచీలు, రాయల్టీ లెక్కలు, ఆసుపత్రి మంచం మీంచి ఒక పెద్దాయన పంపిన ఆఖరి ముందుమాట, అన్నీ అక్కడే. వాటిని కాపాడబోయే పోగొట్టుకున్నారు. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే.

వాళ్లు వాడింది డీబీమెయిల్. అది ఉత్తరాలను డేటాబేస్ టేబుళ్లలో దాస్తుంది. ఉత్తరం ఏ ఫోల్డర్లో ఉంది, చదివారా లేదా అన్నది మెసేజెస్ టేబుల్లో. పరిమాణం, అందిన తేదీ ఫిజ్‌మెసేజ్‌లో. అసలు అక్షరాలేమో, వాళ్ల దగ్గరున్న పాత వెర్షన్‌లో, ముక్కలు ముక్కలుగా మెసేజ్‌బ్లాక్స్‌లో. ఈ మూడింటినీ కలిపి ఉంచేది ఒక్క నంబరు.

చేటు మొదటిరోజే మొదలైంది. మెమరీ తక్కువని, డీబీమెయిల్ కింద నడిచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ అనే స్టోరేజ్ ఇంజన్‌ను ఆపేశారు. టేబుళ్లను ఇన్నోడీబీలో కట్టమనే డీబీమెయిల్ అడిగింది. ఆనాటి మైఎస్‌క్యూఎల్ కాదనకుండా ఒక హెచ్చరిక చూపించి, మైఐసామ్ అనే మరో ఇంజన్‌లో కట్టేసింది. ఆ హెచ్చరిక ఎవరి కంటా పడలేదు. మైఐసామ్‌లో ట్రాన్సాక్షన్లు ఉండవు, టేబుళ్ల మధ్య లంకెలను కాపాడే ఫారిన్ కీలను అది లెక్కచేయదు. 2010 డిసెంబరులో మైఎస్‌క్యూఎల్ 5.5 విడుదలయ్యాక ఇన్నోడీబీయే డిఫాల్ట్ అయింది గానీ, ఈ సర్వర్ అంతకు ముందుది.

ఒక రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ ఆదుకోలేదు. తిరిగి లేచేసరికి ఫిజ్‌మెసేజ్ దెబ్బతిని ఉంది. రిపేర్ టేబుల్ కమాండ్ ఇచ్చారు. అది చదవగలిగిన వరుసలను నిలబెట్టి, మిగతావి వదిలేసింది. ఆపైన ఒక్కో టేబుల్నీ విడివిడిగా చెక్ చేస్తే అన్నీ 'ఓకే' అన్నాయి. ఒక టేబుల్‌కు పక్క టేబుల్‌తో పొంతన ఉందో లేదో ఆ చెక్ చూడదు.

పొంతన చూసేది డీబీమెయిల్ యుటిలిటీ. దానికి 'ఎన్' అని చెబితే తేడాలు చూపించి ఊరుకుంటుంది. 'వై' అంటే సరిచేస్తుంది. సరిచేయడమంటే, జత దొరకని వరుసలను చెరిపేయడం. వాళ్లు 'వై' అన్నారు.

అయ్యో, ఆ వరుసలు చెత్త కావు! ఫోల్డర్ వివరం మెసేజెస్‌లో పదిలంగా ఉంది, ఉత్తరం పాఠం మెసేజ్‌బ్లాక్స్‌లో పదిలంగా ఉంది, రెండింటిలోనూ అదే నంబరు ఉంది. ఒడ్లు రెండూ ఉన్నాయి, మధ్యన వంతెన ఒక్కటే కూలింది. హెడర్ ముక్కలోని 'రిసీవ్డ్' వరుస నుంచి తేదీ తీసుకోవచ్చు. ముక్కల సైజులు కూడితే పరిమాణం తేలుతుంది. ఆ నంబరుతోనే ఫిజ్‌మెసేజ్‌లో కొత్త వరుస చేర్చితే ఉత్తరం మళ్లీ తెరుచుకునేది. టేబుళ్లకు ముందుగా ఒక కాపీ తీసుకుని, ఓపిగ్గా కూర్చుంటే అయ్యే పని.

రాత్రి తీసే బ్యాకప్ డంప్ ఉంది కదా అని అప్పుడు వెతికారు. రోజూ పాతదాని మీదే రాసే ఒకే ఒక్క ఫైలు అది. అందులోకి అప్పటికే చెరిపిన తర్వాతి స్థితి చేరింది.

ఆఖరి ఆశ ఇంకొకటి ఉండేది. మైఐసామ్‌లో చెరిపిన వరుస తాలూకు బైట్లు చాలావరకు, ఆ చోట కొత్తది రాసేదాకా, ఫైలులోనే పడి ఉంటాయి. తవ్వితే ఆ ముందుమాటలో కొంతైనా దొరికేదేమో. కానీ డిస్క్ ఖాళీ అవుతుందని ఆ రాత్రే ఆప్టిమైజ్ టేబుల్ కూడా నడిపారు. అది ఫైలును కుదించి, కొత్తగా రాసింది.

రచయితలు కొందరు తమ దగ్గరున్న నకళ్లు పంపారు. పెద్దాయన ఇంట్లోవాళ్లకు ఆయన మెయిల్ పాస్‌వర్డ్ తెలియదు.