కోరికను పిలుచు గురుతులు

త్రాగుడు మానిపించుట ఒక పని. మానినవాడు మరల త్రాగకుండుట వేరొక పని. మొదటిదానికి శాసనములు, ఉద్యమములు, ఆసుపత్రులు తోడ్పడగలవు. రెండవది ఎందుకింత కష్టమో తెలిసికొనుటకు లోకమునకు చాలకాలము పట్టినది. ఆ చరిత్ర మన ఇండ్లకు ఉపకరించునది.

రష్యా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కలపై జరిపిన పరిశోధనలను గూర్చి శ్రోతలలో చాలమంది వినియే యుందురు. ఆహారము పెట్టుటకు ముందు ఒక శబ్దమును పలుమారులు వినిపించగా, తుదకు ఆ శబ్దము విన్నంతనే కుక్క నోట లాలాజలము ఊరినది. ఆహారము పెట్టక శబ్దమును మాత్రమే మరల మరల వినిపించగా, ఆ ఊరుట క్రమముగా ఆగిపోయినది. కాని కొంత విరామము తరువాత అదే శబ్దము విన్నపుడు లాలాజలము మరల ఊరినది. అలవాటు అణగినదే కాని చెరగలేదన్నమాట.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, లెక్సింగ్టన్ పట్టణములో, 1935లో మత్తుమందులకు లోబడినవారి కొరకు ఒక పెద్ద ఆసుపత్రి తెరచినారు. అందు పనిచేసిన ఏబ్రహాం విక్లర్ అను వైద్యుడు ఒక వింతను గమనించినాడు. మందు మానివేసి చాలకాలమైన రోగులు కూడ, నలుగురు కూర్చుండి ఆ మందును గూర్చి మాటలాడుకొనునపుడు ఆవులించెడివారు; వారి కన్నులు, ముక్కు నీరు కారెడివి. మందు క్రొత్తగా మానినపుడు కలుగు బాధలే ఇవి. దేహములో మందు లేదు. మాట మాత్రమే ఉన్నది. మందు వాడిన చోటు, తోడుగా నున్న స్నేహితుడు, ఆ వాసన, ఆ వేళ, ఇవన్నియు పావ్‌లోవ్ వినిపించిన శబ్దము వంటి గురుతులే అగునని విక్లర్ 1948లో ప్రతిపాదించినాడు.

మన ప్రాంతమున ఇట్టి గురుతులను వెదుకనక్కరలేదు. జనగామ పల్లెలలో తాటిచెట్టు నుండి దిగు లొట్టి, మహబూబాబాదు అడవి గ్రామములలో వేసవి తొలినాళ్ల ఇప్పపూల వాసన, భూపాలపల్లి గనులలో పనిచేసి త్రాగుడు మానదలచిన కార్మికునికి జీతపు రోజు. అతడు మానినను ఇవి రాక మానవు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరులో సారాయి నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ నిషేధము సడలినది. నాడు ఈ మూడు ప్రాంతములును వరంగల్లు జిల్లాలోనివే; 2016లో వేరు జిల్లాలైనవి. శాసనము సీసాను దాచగలదు కాని మనసులోని గురుతును తీసివేయలేదు.

2015లో తెలంగాణమున కల్తీకల్లుపై దాడులు జరిగినపుడు మరొక సంగతి బయటపడినది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తు రసాయనములు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకపోగా, ఎందరో మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రులకు చేరినారు. కనుక ముందుగా దేహమును వైద్యుడు చక్కపరుపవలెను. అట్టివారిని ఇంటివద్ద హఠాత్తుగా మానిపింపబూనుట ప్రాణాపాయము. మనసునకు చేయు చికిత్స దాని తరువాతిది.

గురుతును దాచుటకు బదులు ఎదుటనే ఉంచు చికిత్స ఒకటి పాశ్చాత్య దేశములలో 1970 తరువాత పెంపొందినది. వైద్యుని సమక్షమున రోగి గ్లాసును చేతబట్టును, వాసన చూచును, కాని త్రాగడు. యావ పొంగి, తనంతట తాను తగ్గువరకు అట్లే నిలుచును. మత్తుమందుల విషయమున ఫిలడెల్ఫియాలో చార్లెస్ ఓబ్రయన్, ఆనా రోజ్ చైల్డ్రెస్ 1980 ప్రాంతపు దశకములో ఈ మార్గమున కృషి చేసినారు.

ఫలితము ఆశించినంతగా లేదు. అప్పటివరకు జరిగిన ప్రయోగములను 2002లో సమీక్షించిన కాంక్లిన్, టిఫనీ అను పరిశోధకులు, ఈ చికిత్స గుణము నిలుకడగా కనబడలేదని తేల్చినారు. దీనికి కారణము మార్క్ బౌటన్ పరిశోధనలలో కొంత దొరకును. క్రొత్తగా నేర్చిన పాఠము పాతదానిని తుడిచివేయదు; పైగా అది నేర్చిన చోటునకే అంటిపెట్టుకొని యుండును. ఆసుపత్రి గదిలో గ్లాసును జయించినవాడు తాటివనములో ఓడిపోవుట ఇందువలననే.

వియత్నాములో హెరాయిన్‌కు లోబడి, 1971లో స్వదేశమునకు తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అను విదుషి పరిశీలించినది. తొలి ఏడాదిలో మరల దానికి బానిసలైనవారు నూటికి అయిదుగురు మాత్రమే. గురుతులన్నియు సముద్రమునకు ఆవల ఉండిపోవుట దీనికొక కారణమని చెప్పుదురు. మనవాడు అట్లు కాదు. చికిత్స ముగించుకొని గురుతుల నడుమకే తిరిగివచ్చును.

కావున ఇంటివారు తొలినాళ్లలో ఆ వేళకు అతనికి వేరొక పని, వేరొక త్రోవ, ఒక తోడు కల్పింపవలెను. గ్లాసు ఎదుటబెట్టి పరీక్షించుట వైద్యునికి విడువదగిన పని. ఎన్నడైనను అతడు తప్పటడుగు వేసినచో “వీని బుద్ధి ఇంతే” అని త్రోసివేయక, మరునాడే వైద్యుని వద్దకు తోడ్కొని పోవలెను. అణగిన అలవాటు మరల తలయెత్తుట సహజమని పావ్‌లోవ్ కాలము నుండియు తెలిసినదే. దానిని మరల అణచవచ్చుననియు తెలిసినదే.