కడలిలో గాలిమరలు : జాలరి హక్కు, పక్షి గూడు

ఊరి బీడును గూర్చిన తగవు మన పల్లెలలో తరచుగా వినబడును. తాతల నాటినుండి పశువులు అక్కడనే మేసినవి. కాని పట్టా ఎవరి పేరనూ లేదు. ఆ బీడులో ఏదైన కట్టడము లేచిననాడు పశువులవానికి మిగులునది వాదన మాత్రమే. ఇట్టి తగవే సుమారు పాతికేళ్ళుగా ఇంగ్లండు చుట్టునున్న సముద్రములో నడచుచున్నది. 2024 జూనులో మన కేంద్ర మంత్రివర్గము గుజరాతు, తమిళనాడు తీరముల ఎదుట చెరి 500 మెగావాట్ల గాలిమరలకు ఆర్థిక సహాయము ఆమోదించినది. కనుక ఆ చరిత్రను మనమును ఒకసారి తిరగవేసి చూచుట మంచిదని మేము తలంచితిమి.

సముద్రములో గాలిమరలను మొదట బారులు తీర్చి నిలిపినవారు డెన్మార్కు దేశస్థులు. 1991లో విండెబీ అనుచోట తీరమునకు చేరువగా 11 మరలు నిలిపినారు. అన్నిటి శక్తియు కలిపి 5 మెగావాట్లు. పాతికేళ్ళు తిరిగి, 2017లో అవి తొలగింపబడినవి. ఇంగ్లండువారు 2000లో బ్లైత్ రేవు ఎదుట రెండు మరలతో ఆరంభించినారు. 2003లో వేల్సు తీరమున ముప్పది మరలు వెలసినవి. రెండు మరలు నిలిచినప్పుడు జాలరి పడవను కొంచెము ప్రక్కకు త్రిప్పుకొని పోయెను. 2022లో పూర్తియైన హార్న్‌సీ రెండవ క్షేత్రము ఒక్కటే సుమారు 1,300 మెగావాట్లది. ఇక ప్రక్కకు త్రిప్పుకొనుటకు చోటెక్కడ?

చిక్కు హక్కులలో ఉన్నది. ఇంగ్లండులో తీరమునుండి 12 నాటికల్ మైళ్ళ వరకు సముద్రగర్భము దాదాపు అంతయు క్రౌన్ ఎస్టేట్ అను సంస్థ అధీనములోనిది. అంతకు ఆవల సైతము గాలిమరలకు కౌలు ఇచ్చు అధికారము 2004 నాటి చట్టముతో ఆ సంస్థకు లభించినది. అడుగున నేలకు కౌలు కలదు, కౌలుదారు కలడు. పైనున్న నీటిలో చేపలు పట్టు హక్కు మాత్రము ప్రజలందరిది. మాగ్నా కార్టా నాటినుండి వచ్చుచున్నదని ఆ దేశపు న్యాయశాస్త్రము దానిని గౌరవించును. అందరిది కావుటచేతనే అది ఏ ఒక్కరి ఆస్తియు కాదు. ఆస్తి కానిదానికి వెల కట్టుట ఎట్లు?

ఈ వెలితిని పూడ్చుటకు 2002లో మత్స్యకారులను, విద్యుత్ సంస్థలను ఒకచోట కూర్చుండబెట్టు సంప్రదింపుల మండలి ఒకటి ఏర్పడినది. మరలు నాటుకాలములో వేట ఆగినచో ఇంత సొమ్మని ఇరుపక్షములు ఒడంబడిక చేసికొనుట అలవాటైనది. కాని ఆ సొమ్ము కోరువాడు తాను అక్కడ వేటాడినట్లు ఋజువు చూపవలెను. పెద్ద పడవల జాడను ఉపగ్రహములు నమోదు చేయును. ఆ దేశపు పడవలలో అధికభాగము పది మీటర్లలోపువి. వాని జాడ చిరకాలము ఏ లెక్కకును ఎక్కలేదు. తండ్రి చూపిన గురుతుల వెంబడి వల వేయువానివద్ద కాగితమేమి ఉండును?

అందరికిని నష్టమే అనుటయు న్యాయము కాదు. యార్క్‌షైరు తీరమున బ్రిడ్లింగ్టన్ ప్రాంతపు జాలరులు బుట్టలు దించి లాబ్‌స్టర్ అను పెద్దరొయ్యలను పట్టుదురు. అచ్చటి వెస్టర్‌మోస్ట్ రఫ్ క్షేత్రమును నిర్మించినప్పుడు జాలరుల సంఘమే పరిశీలన సాగించినది. వేట ఆగిన కాలములో రొయ్యలు పెరిగి, సంఖ్యయు హెచ్చినట్లు తేలినది. బుట్టలవారు మరలి మరల నడుమకు పోగలరు. అడుగును ఈడ్చు వలలవారికి ఆ వీలు తక్కువ. వల తీగకు చిక్కిన పడవకే ముప్పు.

ఇక పక్షి కథ వేరు. దానికి చట్టము తోడున్నది. 1992లో ఐరోపా దేశములు చేసికొన్న నిబంధన ప్రకారము, రక్షితస్థలమునకు హాని తప్పనిసరియైనచో దానికి ఈడుగా మేలు చేసి చూపవలెను. ఇంగ్లండు ఐరోపా సమాఖ్యనుండి వైదొలగినను ఆ నియమమును తన చట్టములో నిలుపుకొన్నది. ఫ్లాంబరో కొండచరియలపై కిట్టివేక్ అను చిన్న సముద్రపక్షులు వేలకొలదిగా గూళ్ళు కట్టును. 2020 డిసెంబరు 31న హార్న్‌సీ మూడవ క్షేత్రమునకు అనుమతి ఇచ్చుచు, ఈ పక్షులకు క్రొత్త నివాసములు కట్టవలెనని ప్రభుత్వము షరతు పెట్టినది. సఫోక్ తీరమునకు చేరువగా నీటిలో స్తంభములపై, కొండచరియ అంచులవంటి సన్నని అరలతో అట్టి కట్టడములు 2023లో నిలిచినవి. న్యూకాసిల్ నగరపు టైన్ వంతెనమీదను, లోస్టాఫ్ట్ పట్టణపు ఇండ్లమీదను పిలువకయే వచ్చి గూళ్ళు పెట్టు పక్షి ఇది. ఆ అలవాటే ఇంజనీర్లకు ధైర్యమిచ్చినదని మా ఊహ.

అయినను పక్షికి కొరత గూటిదా, మేతదా? దాని పిల్లలు ముఖ్యముగా శాండ్‌ఈల్ అను సన్నని చేపలపై బ్రతుకును. ఇసుకలో దూరి దాగు ఈ చేపలను ఉత్తర సముద్రములో పెద్దఎత్తున పట్టినవారు డెన్మార్కువారు. పట్టినది అధికముగా చేపపిండికి, నూనెకు పోవును. కిట్టివేకులు తగ్గిపోవుట చూచి స్కాట్లండు తూర్పుతీరమున కొంత భాగములో ఈ వేటను 2000లోనే ఆపినారు. 2024 మార్చిలో ఇంగ్లండువైపు ఉత్తర సముద్రములోను, స్కాట్లండు జలములన్నిటను నిషేధము అమలైనది. బెర్విక్ బ్యాంక్ అను స్కాట్లండు గాలిమరల పథకము తాను పక్షులకు చేయదలచిన పరిహారములలో ఈ చేపల రక్షణను చేర్చినది. గూడు కట్టుటకంటె మేత మిగుల్చుట మేలని మాకును తోచును. కాని ఆ మేలునకు మూల్యము చెల్లించువాడు ఎవరు? మరలు నాటిన సంస్థ కాదు, ఎదుటి తీరపు జాలరి.

ఐరోపా సమాఖ్య ఈ నిషేధముపై మధ్యవర్తి న్యాయస్థానమునకు పోయినది. 2025 మే నెలలో తీర్పు వెలువడినది. నిషేధమునకు శాస్త్రాధారము కలదని న్యాయమూర్తులు ఒప్పుకొన్నారు. స్కాట్లండు నిర్ణయమును తప్పు పట్టలేదు. ఇంగ్లండు జలముల విషయములో మాత్రము, డెన్మార్కు జాలరుల హక్కునకు కలుగు నష్టమును ప్రభుత్వము తగినట్లు తూచి చూడలేదన్నారు. ఆ తూనికను మరల వేసి చూచిన మీదట ప్రభుత్వము నిషేధమును కొనసాగించినది.