గాజుతొట్టిలోని తాబేలు

తాబేలు తెలుగువారికి కొత్త ప్రాణి కాదు. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మములో విష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. కృష్ణా డెల్టాలో కాలువగట్టున నడచువారికి, అలికిడి కాగానే బుడుంగున నీటిలోనికి జారిపోవు తాబేలు బాగుగా తెలిసినదే. కాని నేడు నగరములలో పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చుకొను, అరచేతిలో ఇమిడెడు ఆకుపచ్చని తాబేలు మన కాలువలది కాదు. కాలువలోని తాబేలు ఒకటి, గాజుతొట్టిలోని తాబేలు మరొకటి. ఈ రెండింటి చరిత్రను తెలిసికొననిదే తాబేటిని పెంపకమునకు ఎన్నుకొనరాదు.

కాలువ తాబేలు

బెజవాడ వద్ద 1852లో ప్రారంభమై 1855లో పూర్తియైన ఆనకట్ట కృష్ణానీటిని డెల్టా పొలములకు మళ్ళించెను. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఈ కాలువలను, చెరువులను, వరిమళ్ళను ఆశ్రయించి బ్రతుకు తాబేళ్ళలో ఒకదానికి లిస్సెమిస్ పంక్టాటా అని శాస్త్రనామము. దీని డిప్ప పైన గట్టి పలకలకు బదులు తోలువంటి చర్మముండును. వెనుకకాళ్ళను లోనికి ముడుచుకొనగానే రెండు తోలురేకులు తలుపులవలె వాటిని మూసివేయును. కప్పలు, నత్తలు, చేపలు, చచ్చిన జంతువులు దీని ఆహారము. వేసవిలో నీరు ఎండిపోయినచో బురదలో కూరుకొని, వానలు పడువరకు కదలక మెదలక ఉండగలదు.

పూర్వము దక్షిణదేశములో నీరు శుభ్రముగా ఉండునను నమ్మకముతో బావులలో తాబేళ్ళను విడిచెడివారు. ఇప్పుడు కాలువ తాబేటిని పట్టి ఇంట పెంచుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఈ జాతి ఉన్నది. మెట్టనేలల నక్షత్ర తాబేలును అందులోనిదే.

సముద్రములు దాటిన తాబేలు

అంగళ్ళలో అమ్మెడు తాబేలు సాధారణముగా అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతమునకు చెందినది. కంటి వెనుక ఎర్రని చార ఉండుటచే దీనికి ఎర్రచెవి తాబేలని పేరు. ఇరువదవ శతాబ్దములో అమెరికాలో వీటి పిల్లలను పెంపకశాలలలో లక్షలకొలది ఉత్పత్తిచేసి అమ్మిరి. వీటిని తాకిన పసిపిల్లలకు సాల్మొనెల్లా అను సూక్ష్మజీవివలన విరేచనములు, జ్వరము కలుగుచున్నవని తేలగా, డిప్ప పొడవు 4 అంగుళములకు తక్కువగల తాబేళ్ళ విక్రయమును 1975లో ఆ దేశము నిషేధించెను. ఎగుమతులు మాత్రము ఆగలేదు. 1989 నుండి 1997 వరకు 5 కోట్లకు పైగా తాబేళ్ళు అమెరికానుండి ఇతర దేశములకు పోయినవి.

కొన్నవారికి అసలు చిక్కు తరువాత ఎదురైనది. నాలుగు వ్రేళ్ళ వెడల్పున ఉన్న పిల్ల పెరిగి ఆడుదైనచో 25 సెంటీమీటర్లు దాటును. 30 సంవత్సరములు బ్రతుకవచ్చును. పెంచలేనివారు జాలితో సమీపమునగల చెరువులో విడిచిరి. ఐరోపా దేశీయ తాబేళ్ళతో కలిపి ఉంచి చేసిన ప్రయోగములలో, ఎండకాగుటకు అనువైన చోట్లను ఎర్రచెవి తాబేళ్ళే ఆక్రమించినవి. ఐరోపా సమాజము 1997లో వీటి దిగుమతిని ఆపెను. మన దేశములో 2018లో కేరళలోని త్రిస్సూరు వద్ద ఒక కాలువలో ఇవి కనబడినవి.

తొట్టి అమరిక

ఇంట ఇప్పటికే ఈ తాబేలు ఉన్నచో దానిని చక్కగా పెంచుట యజమాని బాధ్యత. చిన్న గాజుగిన్నె పనికిరాదు. డిప్ప పొడవులో ప్రతి సెంటీమీటరునకు సుమారు 15 లీటర్ల నీరు కావలెను. అనగా 25 సెంటీమీటర్ల తాబేటికి 375 లీటర్ల తొట్టి. అది మురికి అధికముగా చేయు జంతువు గనుక నీటిని వడగట్టు యంత్రము అవసరము.

నీటినుండి పైకెక్కి ఆరుటకు పొడిగా ఒక తిన్నె ఉండవలెను. దానిపై అతినీలలోహిత కిరణములు పడవలెను. ఆ కిరణములచే శరీరములో విటమిన్ డి ఏర్పడి, ఆహారములోని కాల్షియము ఎముకలకు, డిప్పకు అందును. లేనిచో డిప్ప మెత్తబడును. కిటికీ అద్దముగుండా వచ్చు ఎండలో ఈ కిరణములు చాలవరకు వడకట్టబడిపోవును గనుక ప్రత్యేక దీపము పెట్టుదురు. అట్లని బెజవాడ వేసవిలో తొట్టిని ఎండలో ఉంచరాదు. నీరు వేడెక్కి తాబేలు చచ్చిపోవును. తాబేటిని, తొట్టినీటిని తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు పిల్లలున్న ఇంట దీనిని ఉంచకుండుటే మేలు.

ఎన్నుకొనువారికి

కొత్తగా కొనదలచినవారు పిల్ల కళ్ళు తేటగా ఉన్నవా, డిప్ప గట్టిగా ఉన్నదా, నీటిలో ఒక ప్రక్కకు ఒరగక ఈదుచున్నదా అని చూచుదురు. అంతకన్న ముందు మరొక ప్రశ్న వేసికొనవలెను: నేడు బడికి పోవు పిల్లవాడు ఉద్యోగస్థుడై వేరొక ఊరికి పోయిన తరువాత ఈ తాబేటిని చూచువారెవరు? దీనికి సమాధానము లేనిచో కొనకుండుటే ఉత్తమము.

ఏలూరు కాలువలోనో, బందరు కాలువలోనో విడిచివేయుట సమాధానము కానేకాదు. మన వెచ్చని నేలలో, నిండు కాలువలలో ఈ విదేశీ తాబేలు స్థిరపడినచో, వేసవిని బురదలో గడిపి వానకై ఎదురుచూచు మన తాబేటి తావునకే ముప్పు రాగలదు. పెంచలేని పరిస్థితి ఏర్పడినచో అటవీశాఖవారిని సంప్రదించవలెను. ఇక కాలువ తాబేటిని చూచి ఆనందించుటకు తొట్టి అక్కరలేదు. ఉదయపుటెండలో గట్టుమీద అడుగుల చప్పుడు కాకుండ కొంతసేపు నిలిచిన చాలును.